పెంపుడు కుక్క చివరి రోజులను, అది పోయిన తర్వాతి దుఃఖాన్ని ఎలా ఎదుర్కోవాలి

కుక్కను పెంచుకునేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. "ఇంకా ఎంతకాలం ఇలా చూస్తూ ఉండాలి?", "బాధ లేకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇప్పించి తప్పు చేశామా?", "దాని గిన్నె, పరుపు ఏం చేయాలి?", "ఇంకో కుక్కను తెచ్చుకుంటే దీనికి ద్రోహం చేసినట్టా?" ఇవి ఎక్కువగా కుక్క పోయిన తర్వాతే వినిపిస్తాయి గాని, వీటిలో సగానికి జవాబులు అది బతికి ఉండగానే సిద్ధం చేసుకోవలసినవి. దుఃఖాన్ని తగ్గించే ఉపాయమేదీ నా దగ్గర లేదు. తగ్గించుకోగలిగినది పశ్చాత్తాపాన్ని మాత్రమే. ఎందుకంటే హడావుడిగా, అర్ధరాత్రి వేళ, ఎవరినీ అడగకుండా తీసుకున్న నిర్ణయాలే ఏళ్ల తరబడి మనసును తొలుస్తూ ఉంటాయి.

మీ కుక్క ఆరోగ్యంగా ఉంటే మొదటి దశ నుంచి చదవండి. జబ్బు పడి ఉంటే రెండో దశ దగ్గర మొదలుపెట్టండి. ఈ రోజే పోయి ఉంటే మిగిలినదంతా వదిలేసి నేరుగా ఐదో దశకు వెళ్లండి, ఎందుకంటే అక్కడ చెప్పిన పనులకు వ్యవధి చాలా తక్కువ.

కావలసినవి

- ఒక నోటుపుస్తకం, గోడకు తగిలించే క్యాలెండరు.
- మీ పశువైద్యుని ఫోన్ నంబరు, రాత్రివేళ, సెలవురోజు అందుబాటులో ఉండే మరో వైద్యుని నంబరు. ఇవి ఫోన్లో ఉంటే చాలదు, ఇంట్లో అందరికీ కనిపించేలా కాగితం మీద రాసి అంటించాలి.
- రెండు పాత నూలు దుప్పట్లు, తడి పీల్చే ప్యాడ్లు, చేతి తొడుగులు.
- పాదముద్ర తీసుకోవడానికి గాలికి ఆరి గట్టిపడే మెత్తని బంకమట్టి.
- "కుక్కే కదా" అనకుండా మీ మాట వినగలిగే ఒక మనిషి. ఈ జాబితాలో అన్నిటికంటే దొరకడం కష్టమైనది ఇదే కాబట్టి, అవసరం పడకముందే ఎవరో ఆలోచించి పెట్టుకోండి.

1. బాగున్నప్పటి లెక్కలు రాసిపెట్టుకోండి

కుక్క జబ్బు పడ్డాక "ఇది ఎప్పుడూ ఇలాగే ఉండేదా, లేక ఈ మధ్యే మారిందా" అని వైద్యుడు అడిగితే చాలామంది తడబడతారు. అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడే నెలకోసారి బరువు, చిగుళ్ల రంగు, నడిచే దూరం, తినే పరిమాణం నోటుపుస్తకంలో రాసుకోవాలి. చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు మళ్లీ గులాబి రంగు రావాలి. కొన్ని కుక్కలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. అటువంటప్పుడు కింది కనురెప్పను కొద్దిగా కిందికి లాగి, దాని లోపలి వైపు రంగు చూడండి.

నిద్రలో శ్వాసను లెక్కించడం ఇంకా ముఖ్యం. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కటెముకల దగ్గర చూడండి. ఛాతీ ఒకసారి లేచి ఒకసారి దిగితే అది ఒక శ్వాస. ముప్ఫై సెకన్ల పాటు లెక్కించి రెండింతలు చేయండి. కలగంటూ కాళ్లు కదిలిస్తున్నప్పుడు, ఎండలో తిరిగి వచ్చి పడుకున్నప్పుడు లెక్కించిన అంకె పనికిరాదు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఇది సాధారణంగా నిమిషానికి 30 లోపే ఉంటుంది. వరుసగా 30 దాటుతూ ఉంటే, ముఖ్యంగా గుండెజబ్బు ఉన్న కుక్కకు, వెంటనే వైద్యుడికి చెప్పాలి.

పాదముద్ర, వీడియోలు కూడా ఇప్పుడే తీసుకోండి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది: ఫోన్ నిండా కెమెరా వైపు తిరిగి కూర్చున్న ఫొటోలే ఉంటాయి. తర్వాత వెతుక్కునేది వాటిని కాదు. గేటు చప్పుడు వినగానే ఒక చెవి మాత్రమే నిక్కించే తీరు, పడుకునే ముందు పరుపు చుట్టూ తిరగడం, నీళ్లు తాగాక గచ్చు మీద గడ్డం నుంచి పడే చుక్కల వరుస, గచ్చు మీద గోళ్ల టకటక, ఇవే కావాలనిపిస్తాయి. కాబట్టి దానికి తెలియకుండా, శబ్దంతో సహా, ఏ ప్రత్యేకతా లేని ఒక మామూలు రోజును చిత్రించి పెట్టుకోండి.

2. జబ్బు ముదిరినప్పుడు రోజూ మార్కులు వేయండి

అమెరికాకు చెందిన పశు క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక కొలమానాన్ని రూపొందించారు. అందులో ఏడు అంశాలుంటాయి: నొప్పి, ఆకలి, ఒంట్లో నీటి శాతం, శుభ్రత, ఆనందం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువగా ఉండటం. ఒక్కొక్కదానికి సున్నా నుంచి పది వరకు మార్కులు. పది అంటే ఏ ఇబ్బందీ లేనట్టు. మొత్తం 70కి 35 దాటితే కుక్క బతుకు దానికి భరించదగినదిగానే ఉందని భావిస్తారు. ఊపిరి ఆడకపోవడం కూడా నొప్పి కిందికే వస్తుంది, అన్నిటికంటే ముందు చూడవలసినదీ అదే.

మార్కులు వేసేటప్పుడు జరిగే తప్పులు:

- ఇంటికి రాగానే తోక ఊపిందని ఆనందానికి పది వేయడం. యజమానిని చూసినప్పటి రెండు నిమిషాలు కాదు, మిగిలిన రోజంతా ఎలా ఉందన్నదే లెక్క. పగలంతా ఇంట్లో ఉండే మనిషి వేసిన మార్కులకు ఎక్కువ విలువ ఇవ్వండి.
- అందరూ కలిసి కూర్చుని ఒకే అంకె వేయడం. అలా చేస్తే ఇంట్లో గొంతు పెద్దదైన వారి మాటే నెగ్గుతుంది. విడివిడిగా రాసి, తర్వాత పోల్చుకోండి.
- "అరవడం లేదు కాబట్టి నొప్పి లేదు" అనుకోవడం. కుక్కలు నొప్పిని చాలా వరకు అరవకుండానే భరిస్తాయి. చల్లని వేళ కూడా రొప్పడం, పడుకోబోయి మళ్లీ లేవడం, ఒకే చోట నాకుతూ ఉండటం, వణకడం, తాకబోతే పక్కకు జరగడం, రాత్రిళ్లు గదులు మారుతూ తిరగడం నొప్పికి గుర్తులు.
- మెడ వెనక చర్మం పట్టి లాగి నీటి శాతం తేల్చేయడం. ముసలి కుక్కల చర్మం ఎలాగూ సాగిపోయి ఉంటుంది. చిగుళ్లు తడిగా ఉన్నాయా, వేలికి జిగటగా అంటుకుంటున్నాయా అన్నది చూడండి.

హెచ్చరిక: నొప్పి చూడలేక మనం వేసుకునే మాత్రలు దానికి వేయకండి. ఐబుప్రొఫెన్ కుక్కలకు కడుపులో పుండ్లు పుట్టిస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయాన్ని పాడుచేస్తుంది. స్టెరాయిడ్ వాడుతున్న కుక్కకు మరో నొప్పి మాత్ర కలపడం ఇంకా ప్రమాదం.

ఈ కొలమానం బరువుగా అనిపిస్తే దానికి బదులు తేలికైన పద్ధతి ఉంది. మీ కుక్కకు ప్రాణమైన పనులు మూడు రాసుకోండి: బంతి, వాకిట్లో ఎండలో పడుకోవడం, బండి చప్పుడుకు పరుగెత్తడం, ఏదైనా కావచ్చు. మూడింటిలో రెండు మానేసినరోజు వైద్యుడితో మాట్లాడండి. దానితో పాటు ప్రతి రాత్రి క్యాలెండరులో మంచి రోజైతే చుక్క, చెడ్డ రోజైతే గీత పెట్టండి. మన జ్ఞాపకం మొన్నటి ఒక్క మంచి సాయంత్రాన్ని పట్టుకుని వారమంతా బాగుందని చెబుతుంది. క్యాలెండరు అలా చెప్పదు.

3. నిర్ణయానికి ముందు వైద్యుడిని అడగవలసినవి

"మీరైతే ఏం చేస్తారు" అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోకండి. ఈ జబ్బు మామూలుగా ఎలా ముగుస్తుంది? దాని చివరి గంటలు ఎలా ఉంటాయి? నొప్పిని అదుపులో ఉంచే మందులు ఇంకా మిగిలి ఉన్నాయా? ఈ చికిత్స దాని రోజులను పెంచుతుందా, లేక ఆసుపత్రిలో గడిపే రోజులను మాత్రమే పెంచుతుందా? ఏ గుర్తు కనిపిస్తే మరునాటి దాకా ఆగకూడదు? జవాబులను అక్కడే రాసుకోండి, ఎందుకంటే ఏడుస్తూ విన్న మాటలు ఇంటికి వచ్చేసరికి గుర్తుండవు.

కారుణ్య మరణం, అంటే ఇంజెక్షన్‌తో బాధ లేకుండా ప్రాణం పోయేలా చేయించడం, ఇష్టం లేని కుటుంబాలు ఉంటాయి, వారిని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే దానికి ప్రత్యామ్నాయం "ఏమీ చేయకుండా వదిలేయడం" కాదు. నొప్పి మందులు, పుండ్లు పడకుండా కొన్ని గంటలకోసారి పక్కకు తిప్పడం, నోరు తడపడం, శుభ్రం చేయడం, రాత్రిపూట ఎవరో ఒకరు మేలుకుని ఉండటం వంటి శ్రమ ఎంతో ఉంటుంది. సహజ మరణం అంటే నిద్రలోనే పోవడమని చాలామంది ఊహించుకుంటారు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులలో అలా జరగడం అరుదు. నా అభిప్రాయం అడిగితే, ఊపిరి ఆడని కుక్క విషయంలో వాయిదా వేయడం దయ కాదు.

4. ఇంజెక్షన్ రోజు ఏం జరుగుతుందో ముందే తెలుసుకోండి

సాధారణంగా ముందు మత్తు ఇస్తారు. కొన్ని నిమిషాలలో కుక్క గాఢమైన నిద్రలోకి వెళుతుంది. తర్వాత నరంలోకి పెంటోబార్బిటాల్ అనే మందును ఎక్కువ మోతాదులో ఎక్కిస్తారు; కొన్ని సెకన్లలో పూర్తిగా స్పృహ పోతుంది, కొద్ది నిమిషాలలో గుండె ఆగుతుంది. వైద్యుడు స్టెతస్కోపుతో విని నిర్ధారిస్తారు.

దగ్గరున్నవారిని తర్వాత పీడకలలా వెంటాడేవి ఆ పైన జరిగే సంగతులు, కాబట్టి వాటిని గురించి ముందే తెలిసి ఉండాలి. కళ్లు మూసుకోవు. గుండె ఆగిన తర్వాత కూడా ఒకటి రెండు సార్లు ఊపిరి పీల్చినట్టు ఛాతీ ఎగరవచ్చు, కండరాలు అదరవచ్చు, మల మూత్రాలు జారిపోవచ్చు. అది బతికి ఉండటం వల్లనో, నొప్పి వల్లనో జరిగేది కాదు. కింద ప్యాడ్ పరచి ఉంచమని చెప్పేది అందుకే.

గదిలో ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఉండగలిగితే మత్తు ఎక్కేవరకైనా ఉండండి. ఆ తర్వాత దానికి తెలియదు, బయటికి వచ్చినా అది మిమ్మల్ని వెతుక్కోదు. సంతకాలు, చెల్లింపులు, శరీరాన్ని ఏం చేయాలన్న నిర్ణయం ముందే పూర్తిచేసుకోండి. పని అయ్యాక కౌంటరు దగ్గర వరుసలో నిలబడటం వంటి దుస్థితి మరొకటి లేదు. మీరే బండి నడుపుకుంటూ వెళ్లకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.

5. పోయిన తర్వాత మొదటి గంటలు

కుక్క ఇంట్లోనే పోయి ఉంటే ముందు నిర్ధారించుకోండి: ఛాతీలో కదలిక, ఎడమ మోచేయి వెనక పక్కటెముకల మీద గుండె చప్పుడు, కంటిపాపను తాకితే స్పందన ఉన్నాయేమో చూడండి. అనుమానంగా ఉంటే వైద్యుడికి ఫోన్ చేయండి.

కొన్ని గంటలలోనే శరీరం బిగుసుకోవడం మొదలవుతుంది. అంతకుముందే, అది నిద్రపోయేటప్పుడు ఎలా ముడుచుకునేదో అలా కాళ్లు దగ్గరికి చేర్చి పడుకోబెట్టండి. చాచి ఉన్నప్పుడు బిగుసుకుంటే దుప్పటిలో చుట్టడం, మోయడం కష్టమవుతుంది. నోటి దగ్గర, తోక కింద ప్యాడ్లు పెట్టండి, చేతి తొడుగులు వేసుకోండి. గదిలో అన్నిటికంటే చల్లగా ఉండే గచ్చు మీద ఉంచి, గుడ్డలో చుట్టిన మంచు ప్యాకెట్లు పొట్ట దగ్గర పెట్టండి. వీలైతే 24 గంటలలోపే ఖననమో దహనమో పూర్తిచేయాలి.

మరణం హఠాత్తుగా జరిగి కారణం తెలియకపోతే, పోస్టుమార్టం కావాలా అన్నది అప్పుడే నిర్ణయించుకోండి. కావాలనుకుంటే శరీరాన్ని చల్లగా ఉంచాలి గాని ఫ్రీజర్లో గడ్డకట్టించకూడదు. గడ్డకడితే కణజాలం చెడిపోయి పరీక్షలకు పనికిరాకపోవచ్చు.

హెచ్చరిక: పోయే ముందు ప్రవర్తన ఉన్నట్టుండి మారి, చొంగ కారుస్తూ, మింగలేక, కారణం లేకుండా కరవబోయిన కుక్క అయితే రేబిస్ అని అనుమానించాలి. ఒట్టి చేతులతో ముట్టుకోకండి, ముద్దు పెట్టుకోకండి, వైద్యుడికి చెప్పండి. దాని లాలాజలం గాయానికి తగిలిందన్న సందేహం ఉన్నా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఏడుపు పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఖననం చేయాలనుకుంటే ముందు మీరున్న చోట నిబంధనలు అనుమతిస్తాయో లేదో కనుక్కోండి. గొయ్యి కనీసం ఒక మీటరు లోతు ఉండాలి. నీటి వనరులకు, వరద వచ్చే పల్లానికి దూరంగా ఉండాలి. ప్లాస్టిక్ సంచిలో చుట్టకండి, నూలు దుప్పటి చాలు. ఇంజెక్షన్‌తో పోయిన కుక్క విషయంలో లోతు మరీ ముఖ్యం, ఎందుకంటే పెంటోబార్బిటాల్ శరీరంలో చాలాకాలం నిలిచి ఉంటుంది, ఆ శరీరాన్ని తవ్వి తిన్న జంతువులూ పక్షులూ చనిపోతాయి. దహనం చేయిస్తే ఒక్కదాన్నే చేస్తారా, మరికొన్నింటితో కలిపి చేస్తారా అని స్పష్టంగా అడగండి. అస్థికలు తిరిగి కావాలనుకుంటే మొదటిదే ఎంచుకోవాలి. బూడిదను నేరుగా మొక్క మొదట్లో పోస్తే అందులోని లవణాలు, క్షారం వల్ల మొక్క చచ్చిపోతుంది. ఎక్కువ మట్టిలో కలిపి కొద్దికొద్దిగా వేయాలి.

ఇంట్లో ఇంకో కుక్క ఉంటే, అంటువ్యాధి అనుమానం లేనంతవరకు, శరీరాన్ని వాసన చూడనివ్వవచ్చు. బలవంతంగా దగ్గరికి లాక్కెళ్లకూడదు.

6. మొదటి రెండు వారాలు: రోజును గంటలుగా చూడండి

కుక్క పోయిన ఇంట్లో దుఃఖం రోజంతా ఒకే తీరుగా ఉండదు. పొద్దున తలుపు తీసేవేళ, సాయంత్రం తాళం తిప్పేవేళ, తింటున్నదాంట్లో చివరి ముక్క పక్కన పెట్టబోయేవేళ ఒక్కసారిగా మీదపడుతుంది, మధ్యలో కాస్త వదులుతుంది. మనిషి పోతే నలుగురూ వచ్చి ఆ ఇంటి దినచర్యను కొన్నాళ్లు తమ చేతుల్లోకి తీసుకుంటారు. కుక్క పోతే మరునాడే ఆఫీసుకు వెళ్లాలి, వంట చేయాలి, అయితే ఆ దినచర్యలో ప్రతి రెండు గంటలకూ ఒక గుంత ఉంటుంది. అందుకని పని కూడా గంటల లెక్కనే జరగాలి.

ఒక కాగితం మీద, కుక్క ఉన్నప్పటి మీ రోజును నిద్ర లేచింది మొదలు రాయండి. అది ఉన్న ప్రతి ఘడియ పక్కనా గుర్తు పెట్టండి. వాటిలో భరించలేనివి మూడు ఎంచుకోండి. ఆ మూడింటికి మాత్రమే ఏదో ఒక ఏర్పాటు చేయండి, మిగిలినవాటిని అలాగే వదిలేయండి. రోజంతా పనులతో నింపేసుకోవడం ఎక్కువమంది చేసే తప్పు; అలా చేసినవారికి రాత్రి పక్క మీద వాలగానే పగటిదంతా కలిపి వస్తుంది.

నడక వేళకు రెండు మార్గాలున్నాయి. అదే సమయానికి వేరే దారిలో నడవవచ్చు. శరీరం ఆ నడకకు అలవాటు పడి ఉంటుంది కాబట్టి అది మానేస్తే నిద్ర కూడా చెడుతుంది. లేదా అదే దారిలో వెళ్లవచ్చు, అయితే "ఇవాళ ఒక్కరే వచ్చారేం?" అని అడిగేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు. వారికి చెప్పడానికి ఒక వాక్యం ఇంటి దగ్గరే తయారు చేసుకోండి: "జబ్బు చేసి పోయిన వారం పోయిందండీ, ఇంకోసారి మాట్లాడుకుందాం." అంతకు మించి చెప్పవలసిన బాధ్యత మీకు లేదు.

సాయంత్రం ఇంటికి చేరే వేళకు, వీలైతే కొన్నాళ్లు ఇంకొకరు ముందుగా తలుపు తీసి ఉంచేలా చూసుకోండి. ఒంటరిగా ఉండేవాళ్లు తాళం తీయబోయే ముందే ఎవరికైనా ఫోన్ కలిపి, మాట్లాడుతూ లోపలికి అడుగుపెట్టవచ్చు. ఫోన్లో దాని మందులకు పెట్టుకున్న అలారాన్ని ఇప్పుడే తీసేయండి; టీకా గుర్తుచేసే సందేశాలు ఆపమని క్లినిక్‌కు చెప్పండి; చర్మం కింద గుర్తింపు మైక్రోచిప్ ఉంటే దాని నమోదును సరిచేయించండి.

గోళ్ల చప్పుడు వినిపించినట్టు, మంచం పక్కన బరువుగా ఏదో వాలినట్టు అనిపిస్తే మతి తప్పిందని భయపడకండి. ఏళ్ల తరబడి ఆ శబ్దానికి అలవాటు పడ్డ మెదడు ఇంకా దానికోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అలాగే చాలాకాలం మంచానపడ్డ కుక్కకు సేవ చేసినవారికి మొదటి రాత్రి కంటినిండా నిద్రపట్టి, తెల్లారి "హమ్మయ్య అనిపించిందే" అని తమను తాము తిట్టుకునే పరిస్థితి వస్తుంది. ఆ నిద్ర నెలల తరబడి ఒంటికి బాకీ పడ్డది.

మిగిలిన కుక్కను కూడా చూసుకోవాలి. 2022లో ప్రచురితమైన ఒక ఇటలీ అధ్యయనంలో, రెండు లేదా అంతకన్నా ఎక్కువ కుక్కలుండి వాటిలో ఒకటి పోయిన 426 మంది యజమానులను అడిగితే, వారిలో 86 శాతం మంది మిగిలిన కుక్క ప్రవర్తనలో మార్పు చూశామని చెప్పారు: ఆటలు తగ్గడం, ఎక్కువ నిద్ర, తిండి తగ్గడం, మనిషిని అంటిపెట్టుకోవడం. ఇది యజమానులు చెప్పినదాని మీద ఆధారపడిన లెక్క, అయినా కొట్టిపారేయదగినది కాదు. దాని తిండి, నడక వేళలు మార్చకండి. రెండు రోజులు అసలు తినకపోతే దిగులే అనుకుని ఊరుకోకుండా వైద్యుడికి చూపించండి. పోయినదానికి వచ్చిన జబ్బే దీనికీ అంటి ఉండవచ్చు.

7. "నా వల్లే పోయింది" అన్న ఆలోచనను కాగితం మీద పెట్టండి

దీన్ని మనసులో తిప్పినంతకాలం తేలదు. కాగితాన్ని నిలువుగా మడవండి. ఎడమ వైపు "ఆ రోజు నాకు తెలిసినవి", కుడి వైపు "తర్వాత తెలిసినవి" అని రాయండి. ఉదాహరణకు ప్లీహంలో (కడుపులో ఉండే ఒక అవయవం) కణితి ఉన్న కుక్కను తీసుకోండి. అది పగిలి లోపల రక్తస్రావం అయ్యేవరకు పైకి పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. ఎడమ వైపు "మూడు రోజులుగా కాస్త నీరసం, తిండి మాత్రం తింటోంది, చిగుళ్లు గులాబి రంగులోనే ఉన్నాయి" అని వస్తుంది. కుడి వైపు "కణితి ఉంది" అని వస్తుంది. మిమ్మల్ని మీరు ఏ వైపు ఉన్న సంగతులతో నిందించుకుంటున్నారో చూడండి. నూటికి తొంభై పాళ్లు కుడి వైపువే అయి ఉంటాయి.

ఎడమ వైపున నిజంగానే తప్పు కనిపించే సందర్భాలూ ఉంటాయి: గేటు తెరిచి ఉంచడం, మాత్రల డబ్బా అందేచోట పెట్టడం, టీకా వాయిదా వేయడం. అప్పుడు "నీ తప్పేం లేదు" అన్న ఓదార్పు పనిచేయదు, అది విన్న కొద్దీ ఒంటరితనం పెరుగుతుంది. జరిగినది జరిగినట్టు ఒకే ఒక్క మనిషికి పూర్తిగా చెప్పండి. ఆ గేటుకు గొళ్లెం పెట్టించండి. అదే కథను పదిమందికి చెప్పి పదిసార్లు శిక్ష వేసుకోవడం మాత్రం వద్దు.

ఇంజెక్షన్ గురించిన అనుమానం వదలకపోతే, రెండో దశలో రాసిన మార్కులూ క్యాలెండరూ తీసి చూడండి. అవి లేకపోతే వైద్యుడిని పది నిమిషాలు అడిగి కూర్చుని, ఆసుపత్రి రికార్డు చూస్తూ మీ ప్రశ్నలన్నీ ఒకేసారి అడిగేయండి.

8. ఇంట్లోవాళ్లకు, బయటివాళ్లకు చెప్పడం

ఐదేళ్లలోపు పిల్లలకు చావు అంటే తిరిగి రాకపోవడమని సరిగ్గా అర్థం కాదు. "నిద్రపుచ్చారు" అంటే ఆ పిల్లవాడు పడుకోవడానికే భయపడవచ్చు. "ఎక్కడికో వెళ్లిపోయింది" అంటే గేటు దగ్గర ఎదురుచూస్తాడు, లేదా తనను వదిలేసి వెళ్లిందని అనుకుంటాడు. "దాని ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, చచ్చిపోయింది, ఇక రాదు, ఇది నీ వల్ల జరగలేదు" అని నాలుగు చిన్న మాటల్లో చెప్పండి. అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతారు. ప్రతిసారీ అదే జవాబు ఇవ్వండి. జబ్బు అని తెలిసినప్పుడే చెప్పి ఉంటే మరీ మంచిది.

బయటివాళ్ల సంగతి వేరు. చుట్టూ ఉన్నవాళ్లు గుర్తించని దుఃఖం ఎక్కువ బాధిస్తుందని అమెరికన్ పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లోనే రాశారు, పెంపుడు జంతువుల మరణం అటువంటి దుఃఖాలలో ఒకటి. "కుక్కే కదా" అన్న మనిషితో వాదించకండి. అతనికి చెప్పడం మానేసి, జాబితాలో రాసుకున్న మనిషికి ఫోన్ చేయండి. మీకు మీరే సిగ్గుపడుతూ ఉంటే మాత్రం ఒక సంగతి తెలుసుకోండి. 1914లో జర్మనీలోని బాన్ నగరం దగ్గర, ఒబర్‌కాసెల్‌లో, సుమారు 14,000 ఏళ్లనాటి సమాధి ఒకటి బయటపడింది. ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితో పాటు దాదాపు ఏడు నెలల కుక్కపిల్ల అందులో ఉన్నాయి. దాని పళ్లను పరీక్షించినవారు, అది డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే వైరస్ జబ్బు) వంటి తీవ్రమైన జబ్బుతో వారాల తరబడి బాధపడిందని, మనుషులు దగ్గరుండి సేవ చేయకపోతే అన్నాళ్లు బతికేది కాదని 2018లో ప్రకటించారు. ఏ పనికీ ఉపయోగపడని స్థితిలో ఉన్న పిల్లకు ఎవరో నీళ్లు పట్టారు, తిండి పెట్టారు.

9. వస్తువులు

గిన్నె, పరుపు, మెడపట్టీ మొదటి వారంలో పారేయకండి, ఎవరికీ ఇవ్వకండి. కళ్లెదురుగా చూడలేకపోతే పెట్టెలో సర్ది పైన పెట్టండి. ఉతకకుండా ఉంచాలనుకున్న దుప్పటిని గట్టిగా మూతపడే సంచిలో పెడితే వాసన కొన్నాళ్లు నిలుస్తుంది. తెరవని తిండి, మిగిలిన సామాన్లు కుక్కలను సంరక్షించే చోటికి ఇవ్వవచ్చు. మందులు మాత్రం ఇంకో కుక్కకు వేయకండి, మురుగులో కలపకండి. క్లినిక్‌కు తిరిగి ఇవ్వండి. అంటువ్యాధితో పోయి ఉంటే ఈ దశ మొత్తం తారుమారవుతుంది, గుడ్డ సామాన్లు ఉంచుకోకూడదు.

10. ఇంకో కుక్క

ఇన్ని నెలలు ఆగాలన్న నియమం లేదు. దానికి బదులు ఈ ప్రశ్నలు వేసుకోండి. ఇంట్లో అందరూ కావాలంటున్నారా, లేక ఒక్కరు ఏడుస్తున్నారని మిగిలినవారు సరే అంటున్నారా? అదే రంగు, అదే జాతి, అదే పేరు వెతుకుతున్నారా? అలా అయితే ఆగండి; కొత్తది వచ్చిన వారానికే "అది ఇలా చేసేది కాదు" అనే పోలిక మొదలై, పాపం ఆ పిల్ల ఏ తప్పూ లేకుండా ఓడిపోతుంది. పేరు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మళ్లీ వాడకండి. తేల్చుకోలేకపోతే, యజమాని దొరికేదాకా ఏదైనా కుక్కను తాత్కాలికంగా చూసుకోవడానికి ఒప్పుకోండి. దుఃఖంలో ఉన్నవారికి చెప్పకుండా కుక్కపిల్లను తెచ్చి ఒళ్లో పెట్టడం, ఎంత ప్రేమతో చేసినా, చేయకూడని పని.

హెచ్చరిక: ముందుది పార్వో అనే వైరస్ జబ్బుతో పోయి ఉంటే, ఆ వైరస్ నేలలో నెలల తరబడి, ఏడాది దాకా కూడా బతికి ఉంటుంది. మామూలు ఫ్లోర్ క్లీనర్లకు అది చావదు. ఇంట్లో వాడే బ్లీచ్ ఒక పాలుకు ముప్ఫై పాళ్ల నీళ్లు కలిపి, ముందు మురికి కడిగిన గచ్చు మీద పది నిమిషాలు తడిగా ఉండనివ్వాలి. మట్టి నేలకు ఇది సరిగ్గా పనిచేయదు, కాబట్టి అటువంటి ఇంటికి 16 వారాలు దాటి టీకాలన్నీ పూర్తయిన కుక్కనే తీసుకురండి.

సరిగ్గా సాగుతోందో లేదో ఎలా చూసుకోవాలి

ఏడుపు ఆగిందా అని చూడకండి, అది కొలత కాదు. ఆరో దశలో గుర్తుపెట్టిన మూడు ఘడియలను రెండు వారాలకోసారి మళ్లీ చూడండి. వాటిలో ఒక్కటైనా కాస్త తేలికపడిందా? దాని గురించి చెబుతూ చివరి రోజుకు ముందటి సంగతులు కూడా చెప్పగలుగుతున్నారా, లేక ప్రతిసారీ ఆ ఆసుపత్రి గదికే చేరుతున్నారా? కొన్నాళ్లు బాగుండి, పోయిన తేదీ వచ్చినప్పుడో, అదే జాతి కుక్క దారిలో కనిపించినప్పుడో మళ్లీ మొదటికి వచ్చినట్టు అనిపించడం మామూలే.

వారాలు గడిచినా నిద్ర, తిండి కుదుటపడకపోయినా, పనికి వెళ్లలేకపోతున్నా, మద్యం మీద ఆధారపడుతున్నా, ఇంట్లో ఎవరితోనూ మాట కలపకుండా ఉన్నా మానసిక వైద్యుడిని కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే వారాలు లెక్కపెట్టకండి. అదే గంటలో దగ్గరివారికి చెప్పి, వారిని తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. వైద్యుడి ఎదుట "కుక్క పోయింది, బాధగా ఉంది" అని సిగ్గుతో ముక్తసరిగా చెప్పి ఊరుకుంటే ఆయనకు విషయం అందదు. రాత్రికి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, బరువు ఎంత తగ్గారు, ఎన్ని రోజులు పనికి వెళ్లలేదు, ఆ కుక్క ఎన్నేళ్లు మీతో ఉంది, ఇప్పుడు ఇంట్లో మీతో ఎవరున్నారు, ఈ అయిదింటినీ చీటీ మీద రాసుకెళ్లి చదివి వినిపించండి.